ఒకే గాజుపలక మీద ఇద్దరం

మొన్న వికారాబాద్‌లో రక్తపరీక్షకు వెళ్ళి ల్యాబులో కూర్చున్నాను. నా వయసుకు అది తప్పని పని. పరగడుపున రమ్మంటారు, పరగడుపున వచ్చినవాళ్ళను పొద్దెక్కేదాకా కూర్చోబెడతారు. ఎదురుగా టీ బండి, దాని మీద మరుగుతున్న అల్లం వాసన, తాగడానికి లేదు. అప్పుడే నవాబుపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కౌంటరు ముందు నిలబడి బేరం మొదలుపెట్టాడు. ఆయన చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో నీళ్ళలాంటి మందు, మందులో చిక్కుడుగింజంత కండ ముక్క. "గింత ముక్కకు గన్ని పైసలా బిడ్డా? సగం తీస్కో" అన్నాడు. కౌంటరులో పిల్ల తలెత్తకుండానే, "ముక్క చిన్నదైతే పని చిన్నగైతదా తాతా" అంది. నా పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. బేరమాడే మనిషిని చూసి నవ్వేవాళ్ళంటే నాకు పడదు. పైసా పైసా చూసుకుని ఖర్చుపెట్టడం తప్పెలా అవుతుంది? ఆయన మూత సరిగా పట్టిందో లేదోనని ఒకసారి విప్పి చూసుకున్నాడు. కళ్ళు మండించే ఆ మందు వాసన నా దాకా వచ్చింది. దానితో పాటే మా యారాలు కూడా వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

యారాలంటే తోటికోడలు, మా మరిది భార్య. తాండూరు పక్కన, నాపరాయి కోసే మిషన్లు పొద్దంతా గుర్రుమంటుండే చోట మా ఇల్లు. ఒకప్పుడు ఒకటే ఇల్లు. మా మామ పోయాక రెండు పొయ్యిలయ్యాయి. నడుమ నిలువెత్తు బండలు పాతి గోడ చేశారు. బండకూ బండకూ మధ్య వేలు దూరేంత సందు ఉంటుంది కాబట్టి, గోడ ఉన్నా ఎవరేం వండారో ఎవరికీ దాగదు. ఆమె కన్నడ దేశపు పిల్ల. కోపం వస్తే కన్నడంలోకి దిగుతుంది, నాకు అర్థం కాదనుకుంటుంది. తాండూరు బజారులో ఇన్నేళ్ళు కందిపప్పు బేరమాడినదానికి కన్నడం తిట్లు అర్థం కాకుండా ఉంటాయా? తిట్లతో నాకు పేచీ లేదు. నాకేదుంటే అది ఆమెకూ ఉండాలి, అదీ పేచీ. నేను బర్రెను కొంటే నెల తిరక్కుండా ఆమె వాకిట్లో బర్రె. నేను కుట్టుమిషను తెస్తే ఆమెకూ మిషను. కుట్టడం రాదు, దాని మీద పప్పు డబ్బాలు పేర్చుకుంది. మా ఆయన పోయిన విషయంలో మాత్రం, దేవుడి దయవల్ల, నాతో పోటీకి రాలేదు. చివరికి ఆమె గిన్నెలు కడిగిన నీళ్ళు నా వాకిట్లోకి పారే దగ్గర మాట ఆగిపోయింది. ఏదైనా చెప్పుకోవాలంటే మరిది ద్వారానే. పాపం ఆయన భార్యకూ వదినకూ మధ్య టపా మోసే మనిషయ్యాడు.

కరోనా భయం తగ్గి జనం మూతిగుడ్డలు పక్కన పడేసిన ఏడు, నా మెడ పక్కన, చెవి కింద, ఒక గడ్డ తేలింది. రేగుగింజ కంటే కొంచెం పెద్దది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి డాక్టరుకు పైసలివ్వడమేమిటని కొన్ని నెలలు ఊరుకున్నాను. మరిది చూసి ఊరుకోలేదు, ఇంటికి పోయి భార్యతో చెప్పాడు. ఆమె తన మెడ తడుముకుంది. సాయంత్రానికల్లా ఆమెకూ ఒక గడ్డ దొరికింది. బండల సందులోంచి, నాతో కాదన్నట్టు, గోడతో అంది: "ఆమెకొక్కదానికేనా? నాకు గూడ ఉంది. నాదే జర పెద్దగుంది."

తాండూరులో డాక్టరు ఇద్దరి మెడలూ నొక్కి చూసి, రెండూ తీసి పరీక్షకు పంపుదామన్నాడు. ఆటో కిరాయి ఒకరికైనా ఇద్దరికైనా ఒకటే కాబట్టి ఒకే ఆటోలో వెళ్ళాం. మరిది నడుమ బండలా కూర్చున్నాడు. తిమ్మిరి సూది వేసి కోశారు, మెడకు పట్టీలు వేశారు, రెండు చిన్న డబ్బాలు మరిది చేతికిచ్చారు. రక్తానికీ చక్కెరకూ తాండూరులో సందుకొక ల్యాబు ఉంది కానీ, ముక్క పరీక్షకు మా డాక్టరు వికారాబాద్ పంపిస్తాడు. అది ఎవరో వచ్చి తీసుకుపోయే పని కాదు. రోగి ఒంట్లోంచి తీసినదాన్ని రోగి ఇంటివాళ్ళే సంచిలో పెట్టుకుని రైలెక్కాలి.

మా మరిది బతుకంతా పాలిష్ మిషన్ల దగ్గరే గడిచింది. బండలు లోడు చేయించి లారీ పంపడం ఆయన పని. చిన్న గిరాకీలు ఇద్దరు ముగ్గురుంటే అందరి బండలూ ఒకే లారీలో పేర్చి, ఒకరి పేరు మీద బిల్లు చేయించి, కిరాయి అందరికీ పంచేవాడు. అందులో ఎవరికీ నష్టం లేదు. అటు చేరాక ఎవరి బండలు వాళ్ళు దించుకుంటారు. ల్యాబులో డబ్బాకింత అని చెప్పేసరికి ఆయన చెయ్యి తిరిగిన పద్ధతే ఆయనకు గుర్తొచ్చింది. ముందు ముక్క ఎంత చిన్నదో చూపించి బేరమాడాడు. కుదరలేదు. "ఒక్క డబ్బాల రెండు ముక్కలుంటే ఎంత?" అని అడిగాడు. "ఒకే మనిషియి, ఒకే దగ్గర తీసినయైతే ఒక్కటే రేటు కాకా" అని చెప్పింది కౌంటరులో పిల్ల. ఆ మాటలో చివరి సగమే ఆయన చెవికెక్కింది. బయటికి వచ్చి టీ బండి పక్కన బల్ల మీద కూర్చుని, ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి వంచి, మూత బిగించి, ఇంటికి పెద్దదాన్నన్న గౌరవంతో నా పేరు రాయించి ఇచ్చి వచ్చాడు.

మిగిలిన పైసలతో అనంతగిరి సీతాఫలాలు ఒక గంప కొనుక్కొచ్చాడు. సగం ఇటు పెట్టాడు, సగం అటు పెట్టాడు. "రెండు డబ్బాలకెందుకు కట్టాలె వదినా, ఒక్కదాంట్లనే ఏసిన" అన్నాడు. మంచి పని చేశావన్నాను. గోడ అవతల నుంచి, "మా ఆయనకు గిప్పుడన్న తెలివొచ్చింది" అని వినిపించింది. చాలా ఏళ్ళ తర్వాత మేమిద్దరం ఒక మాట మీద ఉన్నాం. పండ్లు బాగా ముగ్గినవి, వేలు ఆనిస్తే విచ్చుకునేవి. గోడకు అటూ ఇటూ కూర్చుని గింజలు ఊస్తూ తిన్నాం. కుట్లు ఇంకా విప్పలేదు. నోరు కదిలినప్పుడల్లా మెడ సన్నగా లాగేది.

కొన్నాళ్ళకు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. పేరున్న మనిషినే వెంటబెట్టుకుని రమ్మన్నారు. మరిదీ నేనూ పొద్దుటి రైలుకు వెళ్ళాం. లోపలి గదిలో ఒక డాక్టరమ్మ ఉంది, నా బిడ్డ వయసు ఉంటుంది. కళ్ళ కింద నలుపు. బల్ల మీద గాజుపలకలు, అట్టపెట్టెల్లో ఇంకా గాజుపలకలు, ఎందరి ముక్కలో.

"అమ్మా, మీ మెడలో రెండు చోట్ల తీశారా?" అని అడిగింది.

"ఒక్క దగ్గర్నే."

"డబ్బాలో రెండు ముక్కలున్నాయి కదా?"

"ఒకటి నాది, ఒకటి నా యారాలిది" అన్నాను, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆమె కలం కింద పెట్టేసింది. మరిది తన లెక్క చెప్పడం మొదలుపెట్టాడు, లారీ, బిల్లు, కిరాయి అంటూ. చెబుతూ చెబుతూ ఆమె మొహం చూసి మధ్యలో ఆగిపోయాడు. అప్పుడు ఆమె చెప్పింది. ఒక ముక్క మామూలు వాపు. ఇంకొకటి మంచిది కాదు. గొంతు ముందర ఉండే గ్రంథిలో పుట్టిన క్యాన్సరు మెడలోకి పాకినట్టుంది. మందులున్న రోగమే, కానీ ఆలస్యం చేయకూడదు.

"ఎవలిదమ్మా?" అన్నాను.

"అది మీరే నాకు చెప్పాలి" అంది.

మరిది మెల్లగా, "బండలైతే ఎవలియి వాళ్ళు గుర్తుపడ్తరమ్మా, సున్నం గీత పెడ్తం" అన్నాడు. ఇంకెవరైనా అయితే గది బయటికి పొమ్మనేవారు. ఆమెకు కోప్పడే ఓపిక కూడా మిగిలినట్టు లేదు. డబ్బాకింత అని ఎందుకు తీసుకుంటారో కూర్చోబెట్టి చెప్పింది. ముక్కలో ఉన్న నీరంతా స్పిరిటులో నానబెట్టి లాగాలి. తర్వాత కరిగిన మైనం పోసి గట్టిపరచాలి. ఆ మైనపు బిళ్ళను ఉల్లిపొర కన్నా సన్నగా కోసి, గాజు మీద పరిచి, మైనాన్ని మళ్ళీ కడిగేయాలి. అప్పటికి గాజు మీద ఏమీ కనిపించదు. ఒంట్లో కండకు సొంత రంగు లేదట. ఊదా రంగులో ఒకసారి, గులాబీ రంగులో ఒకసారి ముంచి తీస్తేనే రోగం రూపు తెలుస్తుంది. ముక్క ఎంత ఉన్నా ఇదంతా చేయాల్సిందే. ఒకే డబ్బాలో వచ్చినవి కాబట్టి రెండింటినీ ఒకే మైనంలో పోశారు. మరిది తల వంచుకుని విన్నాడు. "మా రాయి గూడ గంతేనమ్మా. రాయికేం పైసల్లేవు, సన్నగ కోసి పాలిష్ పట్టినందుకే పైసలు" అన్నాడు. ఇదే మాట మొదటి రోజే ఎవరైనా ఆయనతో చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. కానీ క్యూలో నిలబడ్డవాళ్ళకు అంత ఓపికగా ఎవరు చెబుతారు?

నేను చూస్తానన్నాను. ఆమె గాజుపలక నా చేతికిచ్చింది. దాని మీద రెండు గులాబీ మరకలు, పక్కపక్కనే, మధ్యలో గోరంత ఖాళీ. కాపురానికొచ్చిన నాటి నుంచి మేమిద్దరం అంత దగ్గరగా ఎన్నడూ కూర్చోలేదు. తర్వాత దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను కళ్ళు ఆనించమంది. ఒక మరకలో ఊదా చుక్కలు, చాటలో పోసిన ఆవాల్లా, ఎక్కడివక్కడ సర్దుకుని ఉన్నాయి. రెండోదాంట్లో అవే చుక్కలు లావెక్కి, ఒకదాని మీద ఒకటి పడి, కొమ్మలు కొమ్మలుగా పోయి ఉన్నాయి. నా ఒంట్లోంచి వచ్చినదాన్ని నేనే గుర్తుపట్టలేకపోతే ఎలాగని చాలాసేపు చూశాను. రెండూ పరాయివిగానే కనిపించాయి.

ఇద్దరూ వస్తే గొంతులు స్కాను చేయించి, గొంతులోంచి సూదితో కొంచెం తీసి, ఈసారి వేరువేరు గాజుల మీద వేరువేరు పేర్లతో చూస్తానంది డాక్టరమ్మ. తిరుగు రైల్లో మరిది తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక, "ఎవలిది గావద్దని మొక్కాల్నో తెలుస్తలేదు వదినా" అన్నాడు. "ఎవలికీ మొక్కకు. నోరు మూస్కొని కూసో" అన్నాను. అంతకన్నా మెత్తగా మాట్లాడితే ఆ మనిషి అక్కడే ఏడ్చేవాడు, నేనూ ఏడ్చేదాన్ని, పెట్టె నిండా జనం.

ఇంటికి వచ్చి గోడ చుట్టూ తిరిగి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాను. ఆమె చాటలో పప్పు పోసుకుని రాళ్ళేరుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె వేళ్ళు పప్పులో కదులుతూనే ఉన్నాయి.

"నీదే అయ్యుంటది అక్కా. ముందుగాల నీకే గద వచ్చింది" అంది.

"నీదే పెద్దగుందని గోడకు చెప్పినవ్ గద. పెద్దదే చెడ్డదేమో" అన్నాను.

"సూదికి నేను రాను."

"ఎందుకు రావు?"

"తెల్వకుంటే నీకు సగం, నాకు సగం. తెలిస్తే ఒక్కలకే మొత్తం" అంది.

నేను లేచి గోడ చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాను. ఆ తర్వాత కొన్ని రోజులు గడిచాయి. బండల సందులోంచి పిలుపు వచ్చేది: "అక్కా, మింగితే నీకేమన్న తగుల్తుందా?" నేను చేస్తున్న పని ఆపి, ఉమ్మి మింగి చూసుకుని, "లేదు. నీకో?" అనేదాన్ని. అవతల ఆమె మింగేది. "నాకు గూడ లేదు." మళ్ళీ గంటకు అదే మాట. మాటలు ఆగిపోయిన ఇద్దరం, పొద్దంతా గుటకలు మింగుతూ మాట్లాడుకున్నాం. ఒకనాడు గోంగూర పప్పు చేసి సందులోంచి గిన్నె పట్టదు కాబట్టి చుట్టూ తిరిగి తెచ్చిచ్చింది. ఉప్పు ఎక్కువైంది. నేనేమీ అనలేదు. నేనేమీ అనకపోవడం చూసి ఆమె భయపడింది: "నీకు రుచి తెలుస్తలేదా అక్కా?"

గిన్నె కడిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, ఇక ఇది తెగేది కాదని, ఒక మాట అన్నాను. "సగం సగం భయం బాగనే ఉంది పిల్లా. రేపు మందు గూడ సగం సగం మింగుదామా? ఎవలికీ తగ్గది." ఆమె గిన్నె అందుకుని చాలాసేపు దాన్నే తుడుస్తూ నిలబడింది. తెల్లారి పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుని వచ్చింది. రోగమున్నదని తేలితే ఆ చీర కట్టుకునే బుద్ధి పుట్టదని, అందుకే ఇప్పుడే కట్టానని దారిలో చెప్పింది.

ల్యాబులో కౌంటరు పిల్ల మరిదిని చూడగానే, "కాకా, గీసారి మీరు బయట కూసోన్రి, డబ్బాలు మేం చూస్కుంటం" అంది. మేమిద్దరం నవ్వాం. ఆయన నవ్వలేదు. రెండు పేర్లు రాయించాడు, రెండింటికీ కట్టాడు, బేరం లేదు. నిజానికి ఆనాడు ఆయన ఒక్క మాట బేరమాడి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. అడిగినంతా చెల్లించి నిలబడ్డ మా మరిదిని చూస్తే, ఏదో అయిపోయిందన్నట్టే అనిపించింది. సూది పెద్ద నొప్పేమీ కాదు. దాని తర్వాత ఎదురుచూడడమే.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. ముందు మా యారాలి పేరు చదివింది. ఏమీ లేదు, మామూలు వాపు, తగ్గిపోతుంది. అంటే రెండో పేరు చదవాల్సిన పని లేదు, నాకు అర్థమైంది. అయినా చదివింది. నేను తలాడించాను. ఆపరేషను ఎక్కడ, ఎప్పుడు, ఎంతవుతుంది, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని అడుగుతూ పోయాను. పక్కన మా యారాలు ఏడుస్తోంది. బతికిపోయానన్న సంతోషంలో ఏడుస్తోందనుకున్నాను. అందులో తప్పేముంది, నేనైనా ఏడ్చేదాన్నే. నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లు నీకున్నదల్ల నాకు గావాలన్న అక్కా. గిదొక్కటి వద్దనిపిస్తున్నది. సిగ్గయితున్నది" అంది.

"సిగ్గెందుకే. సక్కగ కూసో, అందరు చూస్తున్నరు" అన్నాను.

నగరంలో ఆపరేషను చేశారు. తర్వాత ఏదో మందు తాగించి ఒంటరి గదిలో పెట్టారు. ఆ మందు తాగిన మనిషి దగ్గరికి ఎవరూ రాకూడదట. వెళ్ళిన ప్రతిసారీ మా యారాలు వెంట వచ్చింది. లోపలికి రానివ్వకపోతే వరండాలో చాప పరుచుకుని కూర్చుని, ఫోను చేసి, నా బర్రె పాలు ఎంతిచ్చిందో, నా వాకిట్లో ఏ కోడి దూరిందో చెప్పేది. ఇప్పుడు రోజూ పరగడుపున ఒక మాత్ర, ఏడాదికోసారి ఈ రక్తపరీక్ష. నాకు తగ్గింది. నాకు తగ్గాక మా పాత కయ్యం కూడా మెల్లగా కోలుకుని లేచి కూర్చుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు మళ్ళీ నా వాకిట్లోకే వస్తున్నాయి. పోయిన ఎండాకాలం ఆ విషయంలో ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆమె కన్నడంలోకి దిగింది, నేను అర్థం కానట్టు ఊరుకున్నాను. అప్పటి నుంచి మళ్ళీ మరిదే టపా మోస్తున్నాడు. ఆయనకూ చూపు తగ్గింది, నడక తగ్గింది, సగం మాటలు దారిలోనే మర్చిపోతున్నాడు.

వికారాబాద్ నుంచి తిరిగి వచ్చి వాకిట్లో కూర్చున్నాను. రక్తం తీసిన చోట దూది ఇంకా అంటుకునే ఉంది. బండల అవతల ఆమె బియ్యం చెరుగుతున్న చప్పుడు. అప్పట్లోలాగా పిలిచి, మింగితే ఏమన్నా తగులుతోందా అని అడగాలనిపించింది. మోకాళ్ళు కూడదీసుకుని లేచేసరికి ఆమె చాట లోపల పెట్టి తలుపు దగ్గరకేసుకుంది. రేపు పిలుద్దాంలే అనుకుని మళ్ళీ కూర్చున్నాను, మా ఇద్దరికీ ఇంకా బోలెడన్ని రేపులు ఉన్నట్టు.